జంట గొట్టాల తుపాకీ బరువు వెనుక లెక్క

20వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో తయారైన జంట గొట్టాల షాట్‌గన్‌నూ రైఫిల్‌నూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. చేతికి తీసుకుంటే తేడా తెలుస్తుంది. పిట్టల వేటకు వాడే 12 బోర్ షాట్‌గన్ సుమారు 3 కిలోలు తూగితే, ఏనుగుల వేటకు చేసిన .470 రైఫిల్ 5 కిలోలకు దగ్గరపడుతుంది. పెద్ద జంతువుకు పెద్ద తుపాకీ అన్న దర్పమే దీనికి కారణమనుకుంటే పొరపాటు. రెండూ విసిరే సీసం ఇంచుమించు 30 గ్రాములే. కానీ రైఫిల్ తూటా దాదాపు రెట్టింపు వేగంతో వెళుతుంది. గొట్టాల మూతి చూడండి: షాట్‌గన్ రంధ్రం 18 మిల్లీమీటర్లకు పైనే, గోడ మాత్రం పలచన. రైఫిల్ రంధ్రం సుమారు 12 మిల్లీమీటర్లు, చుట్టూ దిట్టమైన ఉక్కు. లోపలి ఒత్తిడిని ఆపడానికి ఆ మందం, భుజానికి తగిలే తన్ను తగ్గడానికి ఆ బరువు తప్పనిసరి.

కార్డైట్ అనే తుపాకీ మందు వచ్చాక బరువు తగ్గింది కదా అనవచ్చు. నిజమే, అంతకుముందు నల్ల తుపాకీ మందు కాలపు 4 బోర్ రైఫిళ్లు 10 కిలోల దాకా ఉండేవి. 1898లో తుపాకుల తయారీ సంస్థ రిగ్బీ తెచ్చిన .450 రైఫిల్ ఆ భారాన్ని సగానికి దించింది. అయినా షాట్‌గన్ స్థాయికి రాలేదు. మరో తయారీ సంస్థ హాలండ్ అండ్ హాలండ్ వారి పారడాక్స్ తుపాకీ షాట్‌గన్ అంత తేలికగా ఉంటూ గుళ్లనూ గుండునూ కాల్చేది. అయితే గుండు వేగం తక్కువ. దగ్గరి పులికి సరిపోయింది, ఏనుగుకు చాలలేదు. 58 గ్రాముల తూటా కాల్చే .600 రైఫిల్ మళ్లీ 7 కిలోలకు చేరింది.