పోటీ వేళ ఆటగాడి ఒంట్లో, మనసులో జరిగేదేమిటి?

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చదరంగ కిరీటం గెలిచిన దొమ్మరాజు గుకేశ్ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుంటూనే పావులను తిరిగి వాటి గళ్లలో సర్దిపెట్టాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగింటి పిల్లవాడు, వయసు 18. మనమంతా మురిసిపోయాం. గెలిచినవాడు ఏడవడమేమిటని ఇళ్లలో పిల్లలు అడిగారు కూడా. ఆటల పోటీలకు పిల్లల్ని పంపే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి, పోటీ మనిషి ఒంటిని, మనసును ఎలా కదిలిస్తుందో కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా పనిచేసేది అడ్రినలిన్. క్షణాల్లో గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి, కడుపులో తిప్పినట్లవుతుంది. మా సంఘం ఉగాది పోటీల్లో పేరు పిలిచే ముందు పిల్లలు బాత్‌రూముకు పరుగెత్తేది ఇందుకే. అది పిరికితనం కాదు. దాని వెనుక నెమ్మదిగా వచ్చేది కార్టిసాల్. ఒత్తిడి మొదలైన ఇరవై, ముప్పై నిమిషాలకు ఇది బాగా పెరిగి, రక్తంలో చక్కెరను పెంచి శరీరానికి శక్తి అందిస్తుంది. కదలకుండా కూర్చుని ఆడే చదరంగంలోనూ ఇవి పనిచేస్తాయి. అయితే చదరంగం ఆడేవారు రోజుకు 6000 కేలరీలు ఖర్చు చేస్తారని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మనక్కర్లేదు.

మూడోది టెస్టోస్టెరాన్. ఇది కండబలానికి సంబంధించిందే అనుకుంటాం కానీ, పోటీలో దీని నడక వేరు. అమెరికాలో అలన్ మజూర్, అలన్ బూత్, జేమ్స్ డాబ్స్ అనే పరిశోధకులు చదరంగం పోటీల్లో పాల్గొన్న మగవాళ్ల లాలాజలం పరీక్షించి, 1992లో ఫలితాలు ప్రకటించారు. ఓడినవారికంటే గెలిచినవారిలో ఈ హార్మోను ఎక్కువగా ఉంది. అంతకుముందు 1980లో మజూర్ మరొకరితో కలిసి చేసిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. టెన్నిస్‌లో ఘనంగా గెలిచి బహుమతి సొమ్ము తీసుకున్నవారిలో హార్మోను పెరిగింది, లాటరీలో డబ్బు వచ్చినవారిలో పెరగలేదు. అంటే శరీరం లెక్కపెట్టేది డబ్బును కాదు, ‘నేను సాధించాను’ అన్న భావనను.

చూసేవాళ్లకూ ఇది తప్పదు. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌ను టీవీలో చూసిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఇటలీ అభిమానుల్లో తగ్గింది. బంతిని వాళ్లెవరూ తాకలేదు! గ్యాలరీలో కూర్చున్న తండ్రి కోపం సగం ఇక్కడినుంచే వస్తుందేమోనని మా అనుమానం.

ఈ పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో గెలుపోటముల తేడా అసలు కనబడలేదు. ఆడవాళ్లలో ఆడే సమయంలో ఈ హార్మోను పెరగడం గమనించారు కానీ, గెలిచినవారికీ ఓడినవారికీ తేడా అంత నిలకడగా తేలలేదు. మనిషి ఆ పోటీని ఎలా తీసుకున్నాడన్నది కూడా ముఖ్యమే.

సింగపూర్ పోటీనే చూడండి. గుకేశ్ మొదటి ఆటే ఓడాడు, మూడోది గెలిచాడు. పదకొండోది గెలిచి, వెంటనే పన్నెండోది ఓడాడు. చివరిదైన పద్నాలుగో ఆటలో డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టడంతో కిరీటం చేతులు మారింది. ఓటమి తర్వాత తేరుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అందుకే గుకేశ్ ప్యాడీ అప్టన్ అనే మానసిక శిక్షకుడి సాయం తీసుకున్నాడు. 2011 క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన మన జట్టుతో పనిచేసింది ఆయనే. మరోవైపు డింగ్ 2023లో ప్రపంచ విజేత అయ్యాక నెలల తరబడి ఆటకు దూరంగా ఉన్నారు. మానసికంగా కుంగిపోయిన సంగతి ఆయనే బయటికి చెప్పారు. కిరీటం గెలిచినంత మాత్రాన మనసు కుదుటపడుతుందని లేదు.

కాబట్టి మన ఇళ్లలో గమనించవలసినవి కొన్ని. ఓడి బయటికి వచ్చిన పిల్లవాడిని ఆటోలోనే నిలదీయకండి. అప్పటికి అతని ఒంట్లో కార్టిసాల్ ఇంకా దిగి ఉండకపోవచ్చు. ముందు నీళ్లు, అన్నం, నిద్ర. తప్పుల లెక్క మర్నాడు చూసుకోవచ్చు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఇష్టంగా ఆడే ఆటంటేనే విసుగు పుట్టినా డాక్టరుకు చూపించాలి. పరుగు, ఈత వంటి ఆటల్లో కఠినంగా సాధన చేస్తూ తగినంత తినని ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవడం ఉంది. మంచి శిక్షణకు అది గుర్తని కొందరు కోచ్‌లు అంటారు, అది తప్పు. ఎముకలు బలహీనపడతాయి. వరుసగా మూడు నెలలు రాకపోతే సిగ్గుపడకుండా వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లండి. టెస్టోస్టెరాన్ పెంచుతామనే పొడులు, ఇంజెక్షన్ల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఆ హార్మోను బయటినుంచి తీసుకోవడం క్రీడల్లో నిషేధం. డోప్ పరీక్షలో దొరికితే ఏళ్ల తరబడి ఆటకు దూరం కావలసి వస్తుంది.