మూతపడ్డ మిల్లు స్థలం చివరికి ఎవరిది? ముంబై 600 ఎకరాల కథ, మీ ఊళ్లో మీరు చూసుకోవాల్సిన కాగితాలు

ఆఫీసుకు వెళ్లే దారిలో మీకూ అలాంటి స్థలం ఒకటి కనిపిస్తూ ఉండొచ్చు. చుట్టూ రేకుల కంచె, లోపల తుమ్మచెట్లు, గేటుకు తుప్పు పట్టిన తాళం. ‘ఇక్కడ మాల్ వస్తుందట’ అని ఒకరు, ‘కాదు, కోర్టు కేసులో ఉంది’ అని ఇంకొకరు అంటుంటారు. పదేళ్లు గడిచినా రేకులు మారతాయి తప్ప లోపల ఏమీ మారదు.

గజం లక్షలు పలికే చోట ఎకరాలకు ఎకరాలు ఎందుకు పడావు పడి ఉంటాయి? పని మొదలయ్యాక అందులో మీకు, అంటే నగరానికి, ఏమైనా దక్కుతుందా? ఈ రెండు ప్రశ్నలకు మన దేశంలో అన్నిటికన్నా పెద్ద జవాబు ముంబైలో ఉంది.

ఇది మనకు మరీ పరాయి కథేం కాదు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుంచి తరాల తరబడి పద్మశాలీ కుటుంబాలు బొంబాయి మిల్లులకు వలస వెళ్లాయి. మీ ఇంట్లోనే ‘బొంబాయి తాత’ అని పిలిచే పెద్దాయన ఒకరు ఉండి ఉంటారు.

అసలేం జరిగింది?

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెను విరమిస్తున్నట్టు అధికారికంగా ఎవరూ ప్రకటించలేదు. నష్టాలు, పాత యంత్రాలు, పవర్‌లూమ్‌ల పోటీ అప్పటికే ఉన్నాయి. సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ తేరుకోలేదు. అలా పరేల్, లోయర్ పరేల్, వర్లీ, దాదర్ చుట్టుపక్కల 58 మిల్లులకు చెందిన సుమారు 600 ఎకరాల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. వాటిలో కొన్ని ప్రైవేటువి, మిగతావి చాలావరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌వి.

1991లో ముంబై అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన వచ్చింది. మిల్లు స్థలాన్ని వేరే పనికి వాడుకోవచ్చని, అయితే మూడు వాటాలు వేయాలని చెప్పింది. ఒక వాటా పార్కులు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, ఒకటి సామాన్యుల ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మాడాకు, మిగిలింది యజమానికి. భూమి అమ్మిన డబ్బులోంచి కార్మికుల బకాయిలు తీర్చాలన్న షరతు కూడా పెట్టారు.

కాగితం మీద ఇంతకన్నా మంచి ఒప్పందం ఉండదు. కానీ యజమాని వైపు నుంచి చూడండి. స్థలంలో ఎక్కువ భాగం వదులుకోవాలి. కదలకుండా కూర్చుంటే ఏమీ వదులుకోనక్కర్లేదు. చాలామంది కూర్చున్నారు. 1996లో ప్రభుత్వం వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ఆధ్వర్యంలో ఒక కమిటీ వేసింది. మిల్లుకు మిల్లు విడివిడిగా కాకుండా పక్కపక్క స్థలాలన్నిటినీ కలిపి ఒకే ప్రణాళిక వేయాలన్నది ఆ కమిటీ ఆలోచన. అది అమలు కాలేదు. ఈ కథలో నగరం చేజార్చుకున్న పెద్ద అవకాశం ఇదేనని నాకనిపిస్తుంది. ఎందుకంటే విడివిడి ముక్కల్లోంచి వచ్చేవి చిన్న చిన్న పార్కులే.

ఒక్క మాట మారితే ఎంత తేడా?

2001లో ఆ నిబంధనను సవరించారు. వాటాలు అలాగే ఉంచారు. దేనిలో వాటా అన్నది మార్చారు. మిల్లు ప్రాంగణంలో అప్పటికే ఖాళీగా ఉన్న జాగాను మాత్రమే ఖాళీ స్థలంగా లెక్కించాలి, షెడ్లు కూల్చాక బయటపడే నేలను కలపకూడదు అన్నది ఆ సవరణ సారాంశం.

వినడానికి చిన్న విషయంలా ఉంది కదా? ఒక లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు పదెకరాల మిల్లు ఒకటి అనుకోండి. అందులో ఎనిమిది ఎకరాల్లో షెడ్లు, గోదాములు ఉన్నాయి, రెండెకరాలు ఖాళీ. ఐదు హెక్టార్ల లోపు స్థలాలకు నిబంధనలో రాసిన వాటాలు ఇవి: నగరపాలక సంస్థకు 33 శాతం, మాడాకు 27 శాతం, యజమానికి 40 శాతం. మొత్తం పదెకరాల మీద వాటాలు వేస్తే పార్కుకు 3.3 ఎకరాలు, ఇళ్లకు 2.7 ఎకరాలు వస్తాయి. రెండెకరాల మీదే వేస్తే పార్కుకు 0.66 ఎకరం, ఇళ్లకు 0.54 ఎకరం. యజమాని చేతిలో ఉండేది నాలుగెకరాల నుంచి 8.8 ఎకరాలకు పెరుగుతుంది. ముంబై మిల్లుల్లో స్థలమంతా దాదాపు షెడ్లే కాబట్టి దెబ్బ గట్టిగానే తగిలింది.

దీనిపై పర్యావరణ సంస్థ ఒకటి బాంబే హైకోర్టుకు వెళ్లింది. కూల్చాక ఖాళీ అయ్యే నేల కూడా లెక్కలోకి వస్తుందని 2005 అక్టోబరులో హైకోర్టు చెప్పింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, 2001 సవరణ చెల్లుతుందని తేల్చింది. ఈరోజు లోయర్ పరేల్‌లో మీరు చూసే మాల్స్, అద్దాల టవర్లు చాలావరకు ఆ లెక్క మీద లేచినవే.

ఖాళీగా ఉంచితే నష్టం కాదా?

యజమానికి కాకపోవచ్చు. 2005లో ముంబై టెక్స్‌టైల్ మిల్లుకు చెందిన సుమారు 17 ఎకరాలను డీఎల్ఎఫ్ సంస్థ వేలంలో రూ.702 కోట్లకు కొన్నది. అక్కడ భవనాలు పూర్తి కాకుండానే 2012లో అదే స్థలాన్ని లోధా గ్రూపు రూ.2,727 కోట్లకు తీసుకుంది. ఏడేళ్లలో దాదాపు నాలుగు రెట్లు! వడ్డీలు, ఖర్చులు పోగా మిగిలింది ఎంతైనా, భూమి ఆగి ఉంటే ధర ఆగదని అర్థమవుతుంది. మీ వీధిలో రేకుల వెనక నిశ్శబ్దానికి కోర్టు కేసు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ప్రభుత్వం చేతికి వచ్చినంత మాత్రాన పని పరుగెత్తుతుందనీ లేదు. దాదర్ సముద్రతీరాన ఉన్న ఇందూ మిల్లు స్థలాన్ని అంబేడ్కర్ స్మారకానికి ఇస్తామని కేంద్రం 2012లో ప్రకటించింది. శంకుస్థాపన జరిగింది 2015లో. పదేళ్లు దాటినా పనులు సాగుతూనే వచ్చాయి.

మరి కార్మికులకు? ఇళ్ల కోసం లక్షన్నరకు పైగా కార్మికులు, వారి వారసులు దరఖాస్తు చేసుకున్నారు. 2012 లాటరీలో 6,925 ఇళ్లు, 2016లో 2,634, 2020లో 3,894 ఇచ్చారు. మూడూ కలిపినా పద్నాలుగు వేలు లేవు. ముంబైకి చాలా దూరంలో ఇళ్లు ఇస్తామన్న ప్రతిపాదనలు కూడా వచ్చాయి. మిల్లు పక్కనే చాల్‌లో బతికినవాళ్లు వాటిని ఎందుకు వద్దన్నారో వేరే చెప్పాలా?

మీ ఊళ్లో స్థలం సంగతి ఎలా తెలుసుకోవాలి?

ముందు ఆ భూమి సొంతమా, లీజా అన్నది చూడండి. పాత పరిశ్రమలకు ప్రభుత్వం లీజుకిచ్చిన భూములు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్ ఆజామాబాద్ పారిశ్రామిక వాడ లీజుల కోసం 1992లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. లీజు భూమైతే అందులో ఏం రావాలన్న విషయంలో ప్రభుత్వానికి గట్టి పట్టు ఉంటుంది. స్థలం సర్వే నంబరు దొరికితే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ తీసి, లావాదేవీలు, తనఖాలు చూడొచ్చు. అమ్మకాలకు వీల్లేని 22ఏ జాబితాలో ఉందేమో కూడా అక్కడే తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది మాస్టర్ ప్లాన్. అందులో ఆ స్థలం పరిశ్రమల జోన్‌లో ఉంటే, అపార్ట్‌మెంట్లు కట్టడానికి భూ వినియోగ మార్పిడి కావాలి. దానికి ముందుగా ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. చాలామంది ఈ అవకాశం వదిలేసుకుంటారు, కారణం నోటిఫికేషన్ వచ్చిందనే తెలియకపోవడం. పత్రికలో మూలన చిన్న ప్రకటనగా వస్తుంది, గడువు కూడా తక్కువే ఉంటుంది. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి.

వివరాలు బయట దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నగర స్థాయి కార్యాలయాలకు రుసుము రూ.10, తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి రాయొచ్చు. ప్రశ్న ‘ఆ స్థలం సంగతేంటి’ అన్నట్టు ఉండకూడదు, కాగితం పేరు పెట్టి అడగాలి. మాస్టర్ ప్లాన్‌లో ఫలానా సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది, మంజూరైన ప్లాన్ నకలు, పార్కుకు, రోడ్డుకు వదిలిన విస్తీర్ణం, దానికి నగరపాలక సంస్థ పేరిట రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ నకలు ఇవ్వండి అని రాయండి.

ఆ చివరి కాగితమే అసలైనది. బ్రోచర్‌లో ఎకరాల పచ్చదనం చూపిస్తారు. గేటు లోపలి పచ్చిక ఆ ఫ్లాట్లవాళ్లది, మీ పిల్లల్ని అక్కడి వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. గిఫ్ట్ డీడ్ ద్వారా నగరానికి దఖలు పడిన జాగా మాత్రమే మీరు హక్కుగా అడుగుపెట్టగల పార్కు. ప్రాజెక్టు అమ్మకాలు మొదలైతే రెరా వెబ్‌సైట్‌లో మంజూరు ప్లాన్ ఉంటుంది. బ్రోచర్‌ను, దాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి.