ఉప్పెనకు లెక్క కట్టినవారు

నెల్లూరు తీరమున ఉన్న పల్లెలవారికి తుపాను అనిన గాలి మాత్రమే కాదు. గాలితో కూడ వచ్చు ఉప్పెన. 1989 నవంబరులో తీవ్రమైన తుపాను కావలి సమీపమున తీరము దాటెను. అట్టి వేళ నీరు ఏ పల్లెలో ఎంత ఎత్తు లేచునో ముందుగా చెప్పుట ఎట్లు?

సముద్రముపై గాలిపీడనము 1 మిల్లీబారు తగ్గిన నీరు సుమారు 1 సెంటీమీటరు లేచును. అంతకంటె బలమైనది గాలి త్రోపు. తుపానుగాలులు గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగును. కావున ఈ తీరమున, తుపాను దాటు చోటికి ఉత్తరమున అవి నీటిని నేలమీదికి త్రోయును. దక్షిణమున నేలనుండి సముద్రమునకు వీచును. దాటుచోటు కొంచెము జరిగినను ముంపు మరియొక పల్లె పాలగును.

దీనిని లెక్కించుటకు సముద్రమును గళ్లుగా విభజించి, ప్రతి గడిలోను నీటి ఎత్తును కొద్ది నిమిషముల కొకసారి కట్టవలెను. ఒక్క అడుగులో అల ఒక గడిని మించి దాటరాదని 1928లో కూరంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ నిరూపించిరి. 40 మీటర్ల లోతున అల సెకనుకు సుమారు 20 మీటర్లు పోవును; గడి 10 కిలోమీటర్లైన అడుగు 500 సెకన్లు మించరాదు. గడి కొలత సగము చేసిన పని ఎనిమిది రెట్లగును. ఐనను లెక్క తుపానుకంటె ముందే ముగియవలెను.

బంగాళాఖాతపు ఉప్పెనలకు ఇట్టి గణనపద్ధతిని పి. కె. దాస్ 1972లో ప్రకటించెను. 1977లో దివిసీమ ఉప్పెన వేలమందిని బలిగొన్నది. 1979లో ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఏర్పడిన వాయుమండలశాస్త్ర కేంద్రమున దూబే, సిన్హా, ఎ. డి. రావు మొదలగువారు ఈ కృషిని కొనసాగించిరి.

ఈ పని చేయువారు సముద్రమును, సమీకరణమును, యంత్రమును మూడింటిని ఎరుగవలెను. డాక్టరేటుతో ఒకటి చేతికి వచ్చును. తక్కినవి ఆపై పరిశోధనాలయములో గడపిన యేండ్లలో అలవడును. తెలుగువారగు తాడేపల్లి సత్యనారాయణ మూర్తి షికాగోలో డాక్టరేటు పొంది, కెనడాలో పరిశోధకుడై, 1984లో ఉప్పెనలపై ఒక బృహద్గ్రంథము వెలువరించెను. 1986లో ఫ్లాథర్, హెన్రీలతో కలిసి బంగాళాఖాతపు సమస్యనే సమగ్రముగా సమీక్షించెను.

నేడు హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఉప్పెన లెక్కలు కట్టుచున్నది. కాని తీరమున ఇసుక కదలుచుండును, లోతులు మారుచుండును. ప్రోగ్రాము వ్రాసిన యువపరిశోధకుడు రెండేండ్ల నియామకము ముగిసి వెళ్లిపోయిన, దానిని సరిదిద్దుటకు మరియొకరు సిద్ధముగా ఉండవలెను. ఆ స్థానము ఖాళీగా ఉన్నచో, పాత లోతులతో కట్టిన లెక్కయే కావలి పల్లెలకు అందును.