బెట్టలో మొక్కల ఏకకణ ప్రోటీన్ విశ్లేషణ

నేలలో తడి ఆరి వేళ్లకు నీరందని స్థితిని రైతులు బెట్ట అంటారు. అప్పుడు మొక్కలోని ఒక్కో కణంలో ఏ ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో విడివిడిగా కొలవడమే ఏకకణ ప్రోటీన్ విశ్లేషణ.

అవసరం

జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వైపు వానాధారపు పత్తి, వానకూ వానకూ ఎడం పెరిగితే మధ్యాహ్నం ఆకులు వాల్చి సాయంత్రానికి తేరుకుంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఆకు సంగతి అలా కాదు, అందులో ఒక్కో రకం కణం పని వేరు. పత్రరంధ్రానికి రెండు పక్కలా ఉండే రక్షక కణాలు నీరు పోకుండా కాస్తాయి. లోపలి కణాలు ఆహారం తయారుచేస్తాయి. ఆకంతా కలిపి నూరితే ఆహార తయారీలో పనిచేసే రుబిస్కో వంటి ప్రోటీన్ల రాశిలో రక్షక కణాల జాడ మరుగున పడుతుంది.

రక్షక కణంలో జరిగేది

బెట్టలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాన్ని పట్టుకునే పీవైఆర్ గ్రాహకాలు 2009లో బయటపడ్డాయి. ఆమ్లం అందగానే అవి ఓఎస్‌టీ1 అనే ఎంజైమును అణచి ఉంచే ఫాస్ఫటేజ్ ఎంజైములను అడ్డుకుంటాయి. దాంతో ఓఎస్‌టీ1 ఎంజైము చురుకై, ఎస్‌ఎల్‌ఏసీ1 అనే ద్వారానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ ద్వారం తెరుచుకుని లవణాలు, వాటి వెంట నీరు బయటికి పోయి కణం సడలుతుంది, రంధ్రం మూసుకుంటుంది. ఇక్కడ మారేది ప్రోటీను స్థితి. ఆర్‌ఎన్‌ఏను లెక్కించినంత మాత్రాన ఇది తెలియదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అగేపాటి ఎస్. రాఘవేంద్ర బృందం ఆకు పైపొరను పలచగా ఒలిచి, మెరిసే రంగులద్ది, రక్షక కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. ఆబ్సిసిక్ ఆమ్లంతో రంధ్రం మూసుకునేటప్పుడు కణద్రవం క్షారగుణం పొందాకే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయని 2004లో, నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఆ తర్వాతే వస్తుందని 2008లో చూపింది.

పద్ధతి, చిక్కులు

ఎంజైములతో కణకవచాన్ని కరిగించి, కణాలను ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. ట్రిప్సిన్ అనే ఎంజైముతో ప్రోటీన్లను ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో గుర్తిస్తారు. డీఎన్‌ఏలా ప్రోటీనుకు నకళ్లు తీసి పెంచుకునే వీలు లేదు. కణంలో ఉన్నంతే దక్కుతుంది. అందుకే 2008లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో వాడే అరాబిడాప్సిస్ మొక్కలు 22,000 తీసుకుని, వాటి నుంచి 30 కోట్ల రక్షక కణాలు సేకరించి 1,734 ప్రోటీన్లు గుర్తించారు. 2018 నాటికి జంతు కణాల్లో ఒక్కో కణం కొలత సాధ్యమైంది. 2024లో అరాబిడాప్సిస్ వేరు కణాల్లో కణానికి వెయ్యికి పైగా ప్రోటీన్లు కొలిచారు. అయితే కవచం కరిగించడమే కణానికి ఒక ఒత్తిడి. ఆ ఒత్తిడి తెచ్చిన మార్పేదో, బెట్ట తెచ్చిన మార్పేదో వేరుచేయాలంటే నీరు పెట్టిన మొక్కలనూ అదే తీరున పరీక్షించాలి.

ప్రయోజనం

రంధ్రాలు గట్టిగా మూసుకుంటే నీరు మిగులుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ అందక దిగుబడి తగ్గుతుంది. ఏ కణంలో ఏ ప్రోటీను ఈ రెంటినీ సరితూకంలో ఉంచుతుందో తెలిస్తే, బెట్టకు నిలిచి కాపునూ ఇచ్చే వంగడాల ఎంపికకు అది ఆధారమవుతుంది.