మధ్యాహ్నం మళ్లీ పనికి వెళ్లాడు

1965. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పేట. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు టోనీ అయోమీ. పదిహేడేళ్లవాడు. రేకుల ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. ఇక గిటారే బతుకు, ఒక బ్యాండుతో యూరప్ ప్రయాణం. మళ్లీ వెళ్లనన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. పట్టిన పని ముగించి రమ్మంది.

వెళ్లాడు.

అతను చేసేది వెల్డింగ్. ఆ పూట ప్రెస్సు దగ్గరి మనిషి రాలేదు. అలవాటు లేని ఆ మిషన్ ముందు ఇతన్ని నిలబెట్టారు. రేకు తోశాడు. ప్రెస్సు దిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు... రెండింటి కొసలూ లేవు.

ఎడమచేతి వాటం వాడు. తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే. గిటారు మాట మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. కుమిలిపోతున్న కుర్రాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక గిటారు రికార్డు పట్టుకొచ్చాడు. వద్దన్నా వినిపించాడు. అయ్యాక చెప్పాడు: వాయించింది జాంగో రైన్‌హార్ట్. 1928లో మంటల్లో కాలి అతని ఎడమచేతి రెండు వేళ్లు చచ్చుబడ్డాయి. విన్నదంతా మిగిలిన రెండింటి పనే!

గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా దొరికింది. దాన్ని కరిగించి, ఉండ చేసి, వేలు దూరేలా తొలిచి, గంటల తరబడి గీకి నున్నగా అరగదీసి, పాత జాకెట్టు తోలు ముక్క కత్తిరించి అంటించి, గిటారు తీగలు మరీ గట్టిగా ఉంటే సన్నటి బాంజో తీగలు తెచ్చి బిగించి, తగిలినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటున్నా మళ్లీ సరిగమల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. గిటారు పలికింది. ఇక గాయకుడు కావాలి.

1968. మ్యూజిక్ షాపులో ఒక చీటీ: ఓజీ జిగ్‌కి పని కావాలి, సొంత మైకు సెట్టుంది. డ్రమ్ముల బిల్ వార్డ్‌ని వెంటబెట్టుకెళ్లి తలుపు తట్టాడు అయోమీ. తెరిచింది ఓజీ ఆస్‌బోర్న్. బడిలో తాను ఏడిపించిన కుర్రాడే! వీడికి పాటేంటని తిరిగొచ్చేశాడు.

కొద్ది రోజులకే ఆ ఓజీ, బాస్ గిటారు గీజర్ బట్లర్‌తో కలిసి ఇతని గుమ్మంలో నిలబడ్డాడు. డ్రమ్మర్ కోసం వెతుకుతున్నారట.

చివరికి నలుగురూ కలిశారు. అందరూ ఆస్టన్ వాళ్లే. పేరు 'ఎర్త్' అనుకున్నారు. అదే పేరుతో ఇంకో బ్యాండుందని తేలింది. రిహార్సల్ గది ఎదుటి సినిమా హాల్లో బోరిస్ కార్లోఫ్ నటించిన దయ్యాల సినిమా ఆడుతోంది. భయపడటానికి జనం డబ్బిచ్చి మరీ వరస కట్టారు. ఆ సినిమా పేరే పెట్టేసుకున్నారు. బ్లాక్ సబ్బత్.

1969 అక్టోబర్ 16. లండన్ స్టూడియోలో ఒకే ఒక్క రోజు. అందులోనే మొదటి ఆల్బమ్ మొత్తం రికార్డయింది. 1971లో తీగల్ని మూడు అరస్వరాలు కిందికి దించాడు అయోమీ. వేళ్లకు భారం తగ్గింది. శబ్దానికి మాత్రం ఇంకా బరువొచ్చింది. హెవీ మెటల్ సంగీతానికి పుట్టిల్లంటే ఆ రేకుల ఫ్యాక్టరీయే.

2025 జూలై 5. అదే ఆస్టన్, విల్లా పార్క్ స్టేడియం. ఆఖరి కచేరీ. పార్కిన్సన్స్‌తో లేవలేని ఓజీ సింహాసనంలో కూర్చునే పాడాడు. ఇంకో పదిహేడు రోజులే బతికాడు. ఆ రాత్రి మాత్రం నలుగురూ ఉన్నారు. అతని పక్కన 77 ఏళ్ల అయోమీ. కుడిచేతి రెండు వేళ్లకు తొడుగులు.