ఎస్.ఎన్. 1987ఎ
ఎస్.ఎన్. 1987ఎ భూమికి సుమారు 1,68,000 కాంతి సంవత్సరముల దూరములో, పెద్ద మెగల్లానిక్ మేఘము అను నక్షత్రవీథిలో పేలిన సూపర్నోవా. దీని వెలుగు 1987 ఫిబ్రవరి 23న భూమిని చేరినది. మరునాడు చిలీ దేశములోని లాస్ కంపానాస్ వేధశాలలో ఇయాన్ షెల్టన్, ఆస్కార్ దుఆల్దే దీనిని గుర్తించిరి. 1604లో కెప్లర్ పరిశీలించిన సూపర్నోవా తరువాత దూరదర్శిని లేకుండా కంటికి స్పష్టముగా కనిపించినది ఇదే.

ఇటువంటి పేలుడు ఎర్రని మహాతారలలోనే జరుగునని అప్పటివరకు భావించెడివారు. పేలినది నీలి మహాతార అని తేలుటచే సిద్ధాంతములను సవరించవలసి వచ్చినది.

వెలుగు కంటె రెండు మూడు గంటల ముందే న్యూట్రినోలు వచ్చినవి. తార గర్భము కూలినపుడు పుట్టిన న్యూట్రినోలు నేరుగా బయటపడును. వెలుగు మాత్రము విస్ఫోట తరంగము తార ఉపరితలమును చేరిన పిదపనే వెలువడును. జపాను, అమెరికా, అప్పటి సోవియట్ యూనియన్‌లలోని పరికరములన్నిటికీ కలిపి చిక్కినవి సుమారు పాతిక మాత్రమే. అయినను గర్భము కూలుటయే ఈ పేలుడుకు మూలమని నిర్ధారించుటకు అవి చాలినవి. జపానులోని కామియోకాండే పరిశోధనకు నాయకత్వము వహించిన మసతోషి కొషిబాకు 2002లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగము లభించినది.

కూలిన గర్భము న్యూట్రాన్ తారగా మిగిలియుండవలెను. ధూళి అడ్డముగా ఉండుటచే దాని జాడ చాలాకాలము తెలియలేదు. 2024లో జేమ్స్ వెబ్ దూరదర్శిని పరిశీలనలలో, పేలుడు కేంద్రము వద్ద అయనీకృత ఆర్గాన్ వాయువు ఉన్నట్లు వెల్లడైనది. ఇది న్యూట్రాన్ తార ఉనికికి బలమైన ఆధారమే కాని, పరోక్షమైనది.