దారుల్ తర్జుమా: హైదరాబాదులో ఒక విద్యా సంస్కరణ చరిత్ర

2020లో భారత ప్రభుత్వం ప్రకటించిన జాతీయ విద్యా విధానంలో రెండు విషయాలు గమనింపదగినవి. కనీసం ఐదవ తరగతి వరకు, వీలైనచోట్ల ఆపైన కూడ, బిడ్డకు ఇంటి భాషలో చదువు చెప్పవలెనన్నది ఒకటి. వయోజన విద్యకూ, జీవితాంతం సాగే చదువుకూ ప్రత్యేకించి ఒక అధ్యాయం కేటాయించటం రెండవది. ఈ రెంటికీ గల సంబంధాన్ని గురించి చర్చ తక్కువగా జరిగినది. బడి విడిచి ముప్పై ఏండ్లు గడచిన మనిషి ఇంకా చదువుతూ ఉండవలెనంటే, అతనికి వచ్చిన భాషలో చదువదగిన పుస్తకం ఉండవలె. అటువంటి పుస్తకం తనంతట తాను పుట్టదు. ఒక ప్రభుత్వం ఆ పనిని తన ఖజానా ఖర్చుతో తలకెత్తుకున్న ఉదంతం మన హైదరాబాదులోనే 1917లో జరిగినది. దానిని గురించి మన పెద్దలు గర్వంగా చెబుతారు. మరికొందరు నిష్ఠూరంగా చెబుతారు. రెండూ విన్నవాళ్ళం గనుక జరిగినదేమిటో వరుసగా చూడటం మంచిది.

ఉయ్యాల నుండి సమాధి వరకు ఇల్మును వెదకమన్న మాట మన సభలలో హదీసుగా వినబడుతూ ఉంటుంది. ముహద్దిసులు దానిని హదీసుగా అంగీకరించరు; అది పెద్దల సూక్తి మాత్రమే. అయినా మన పాత విద్యా పద్ధతికి ఆ సూక్తి చక్కగా అతుకుతుంది. మస్జిదులో ఒక ఆలిము చుట్టూ కూర్చున్న హల్ఖాలో ఎవరి వయసునూ ఎవరూ అడిగేవారు కాదు. పగలంతా దుకాణంలో ఉన్నవాడు మగ్రిబు తరువాత వచ్చి ఒక మూల కూర్చోవచ్చును. పంతొమ్మిదవ శతాబ్దంలో తరగతులు, పరీక్షలు, డిగ్రీలు గల కొత్త విద్య వచ్చిన తరువాత ఈ తలుపు మూసుకున్నది. చదువుకు ఒక వయసు, ఒక భవనం, అన్నిటికీ మించి ఒక పరాయి భాష ఏర్పడినవి.

హైదరాబాదు సంస్థానంలో ఈ చీలిక స్పష్టంగా కనబడుతుంది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో 1856లో దారుల్ ఉలూమ్ స్థాపించబడినది. అరబీ, ఫార్సీ విద్యలు అక్కడ ప్రధానం. 1887లో నిజాం కాలేజీ ఏర్పడి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. అక్కడ అంతా ఇంగ్లీషే. మొదటిచోట చదివినవారికి కొత్త శాస్త్రాలు అందలేదు. రెండవచోట చదివినవారు ఆ శాస్త్రాలను నేర్చినా, నేర్చినదానిని ఇంట్లో తల్లికి గాని, వీధిలో పొరుగువానికి గాని చెప్పగల భాష వారి దగ్గర లేదు. ఒకే ఊరిలో రెండు విద్యావంతుల వర్గాలు ఒకదాని మాట ఒకదానికి తెలియకుండ బ్రతికినవి.

దేశభాషలో శాస్త్రాలు చెప్పవచ్చునన్న ఆలోచన అప్పటికి కొత్తదేమీ కాదు. 1857కు పూర్వమే ఢిల్లీ కాలేజీలో ఉర్దూలో గణితం, విజ్ఞానశాస్త్రాలు బోధించి, అందుకు పుస్తకాలు అనువదించుకున్నారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1864లో గాజీపూరులో సైంటిఫిక్ సొసైటీని స్థాపించినది కూడ అనువాదాల కోసమే. తరువాత అలీగఢ్ కాలేజీ నాటికి ఆయన ఇంగ్లీషు వైపు మొగ్గినారు. ఆ విషయంలో ఆయనను తప్పుపట్టేవారు అప్పటి ఉద్యోగాల సంగతి మరచిపోతారు.

1917లో నిజాం ప్రభుత్వంలో కార్యదర్శిగా ఉన్న అక్బర్ హైదరీ ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖానుకు ఒక విజ్ఞప్తి పత్రం సమర్పించినారు. దాని సారాంశం ఇది: పరాయి భాషలో చదివే విద్యార్థి శక్తి అంతా భాషను పట్టుకొనటానికే ఖర్చవుతుంది, విషయం వరకు వెళ్ళేసరికి కంఠస్థం తప్ప మరొక దారి ఉండదు, చదివినవారికీ తక్కిన ప్రజలకూ మధ్య గోడ లేస్తుంది. కనుక ఉన్నత విద్య ఉర్దూలో జరగవలె. ఇంగ్లీషు ఒక భాషగా తప్పనిసరిగా ఉండవలె. అదే సంవత్సరం ఫర్మానా వెలువడినది. ఇక్కడ ఒక విశేషం గమనించవలె. విశ్వవిద్యాలయం తరగతులు 1919లో గాని మొదలు కాలేదు. దారుల్ తర్జుమా, అనగా అనువాద సంస్థ, 1917 ఆగస్టులోనే మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వాన పని ప్రారంభించినది. ముందు పుస్తకం, తరువాత తరగతి. పెద్ద పెద్ద పథకాలు వేసేవారు తరచు దీనిని తలక్రిందులు చేస్తారు.

అనువాదమే వృత్తిగా గలవాణ్ణి గనుక ఈ సంస్థ పనిని గురించి కొంచెం విస్తరించి చెబుతాను. వాక్యాన్ని మార్చటం కష్టం కాదు. పదం దొరకటం కష్టం. ఒక్కొక్క శాస్త్రానికి పరిభాషా సంఘాలు ఏర్పడినవి. అరబీ తెలిసిన పండితుడూ, శాస్త్రం తెలిసిన అధ్యాపకుడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అనువాదం పూర్తయిన తరువాత భాషను సరిచూడటానికి వేరుగా ఒక సాహిత్య పర్యవేక్షకుడు ఉండేవాడు. నజ్మ్ తబాతబాయి, ఆపైన జోష్ మలీహాబాదీ ఆ పని చూసినవారు. అరబీ ధాతువుల నుండే పదాలు కట్టవలెనని ఒక పక్షం. ఉర్దూ స్వభావం హిందీ, ఫార్సీ, అరబీల కలయిక గనుక ప్రజల నోట నలిగే పద్ధతిలో కట్టవలెనని మరొక పక్షం. ఈ రెండవ పక్షాన వహీదుద్దీన్ సలీమ్ పానీపతీ 1921లో వజ్ఎ ఇస్తిలాహాత్ అన్న గ్రంథమే వ్రాసినారు. పదనిర్మాణాన్ని గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన పుస్తకాలు మన దేశభాషలలో అరుదు.

ఆ బల్ల దగ్గర స్థిరపడిన మాటలు చూడండి. ఆర్థికశాస్త్రానికి మఆషియాత్: మఆష్ అనగా బ్రతుకుతెరువు. మనస్తత్వశాస్త్రానికి నఫ్సియాత్. సమాజశాస్త్రానికి ఉమ్రానియాత్: ఇబ్న్ ఖల్దూన్ ముఖద్దిమా చదివినవారెవరికైనా ఈ ఉమ్రాన్ అన్న మాట పాత స్నేహితుడే. మదరసాలో నఫ్స్ అంటే మేము నేర్చినది అదుపులో పెట్టుకోవలసిన మనోవాంఛ. దానినే ఒక శాస్త్రం పేరులో చూచినప్పుడు మొదట తడబాటు కలుగుతుంది. తరువాత ఆ పుస్తకం తెరవాలనిపిస్తుంది. అరబీ పక్షం సాధించినది ఇదే. మదరసా చదువుకూ కొత్త శాస్త్రాలకూ మధ్య వారొక మెట్టు కట్టినారు. అరబీ రాని సామాన్య ఉర్దూ పాఠకునికి మాత్రం అది అంత సులభమైన మెట్టు కాదు. ఆ విషయంలో సలీమ్ గారి వాదమే నాకు సరిగా తోస్తుంది.

మూడు వందలకు పైగా గ్రంథాలు ఈ సంస్థ నుండి వెలువడినవి. గణితం, రసాయనశాస్త్రం, వైద్యం, న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం. వీటితోబాటు తబరీ చరిత్ర, ఇబ్న్ సఅద్ తబఖాత్ వంటి అరబీ మూలాలు కూడ. ముల్లా సద్రా అస్ఫార్ అనువాదంలో మనాజిర్ అహ్సన్ గీలానీ, అబుల్ ఆలా మౌదూదీ ఇద్దరూ పాల్గొన్నారు. వైద్య కళాశాలలో సైతం ఉర్దూలోనే బోధన సాగినది. పుస్తకాలు తరగతి గదికే పరిమితం కాలేదు. అంజుమనె తరఖ్ఖీయె ఉర్దూ 1928 నుండి సైన్స్ అన్న పత్రికను నడిపినది. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారయె అదబియాతె ఉర్దూ, బడికి వెళ్ళలేకపోయిన పెద్దలు కూడ వ్రాయగల ఉర్దూ పరీక్షలను తరువాతి కాలంలో నిర్వహించినది. భాషలో పుస్తకాలు ఉన్నవి గనుక ఇవి సాధ్యమైనవి.

ఇంతవరకు గర్వపడే భాగం. ఇక రెండవది.

సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న సర్ రాస్ మసూద్, సర్ సయ్యద్ మనుమడు, 1922లో జపాను వెళ్ళి అక్కడి విద్యా విధానాన్ని పరిశీలించి మరుసటి సంవత్సరం ఒక గ్రంథం వెలువరించినారు. జపాను కూడ పాశ్చాత్య శాస్త్రాలను తన భాషలోకే తెచ్చుకున్నది. హైదరాబాదు వారికి అది నచ్చినది, తమ పనికి సాక్ష్యంగా కనబడినది. జపాను మాత్రం 1872 శాసనంతో ప్రాథమిక పాఠశాలల నుండి మొదలుపెట్టినది. టోక్యో విశ్వవిద్యాలయం 1877లో వచ్చినది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దం ముగిసేసరికి అక్కడ బడిలో చేరిన పిల్లలు నూటికి తొంభైమందికి మించినారు. హైదరాబాదులో 1941 నాటికి కూడ అక్షరాస్యులు నూటికి పదిమందికి తక్కువే. శిఖరం మీద బంగారు కలశం నిలిపినారు. కింద గోడలు లేవు.

గోడలు ఏ భాషలో కట్టవలె? సంస్థాన ప్రజలలో ఇంచుమించు సగం మంది తెలుగువారు. నాలుగవ వంతు మరాఠీ, తక్కినవారిలో కన్నడిగులు, నూటికి పదిమందికి కొంచెం పైగా ఉర్దూవారు. ప్రాథమిక దశ దాటగానే బోధన ఉర్దూలోకి మారేది. తెలుగు ఇంటి పిల్లవానికి ఉర్దూ ఒక పరాయి భాష, ఇంగ్లీషు మరొకటి. హైదరీ గారు ఇంగ్లీషును గురించి వ్రాసిన ప్రతి అభ్యంతరమూ ఈ పిల్లవాని విషయంలో ఉర్దూకు వర్తిస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆపినారు. ఆంధ్ర జన సంఘం పుట్టినది ఆ అవమానంలోనే. ఆ సభ దారుల్ తర్జుమా వారిది కాదు, నిజమే. అయినా రాజ్యంలో ఏ భాషకు గౌరవం, ఏ భాషకు లేదు అన్నది సభలోనివారికి ఎక్కడి నుండి తెలిసినదో ఆలోచించవలె.

తెలుగువారు ఫర్మానా కోసం ఎదురుచూడలేదు. 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా మండలిని ప్రారంభించి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు తెలుగులో ప్రకటించినారు. అవి డిగ్రీ కోసం చదివే పుస్తకాలు కావు. చందాదారులు కొని ఇంట్లో చదువుకున్నవి. ఒకే నగరంలో ఒకవైపు ఖజానా ఉన్న అనువాదకులు, మరొకవైపు ఖజానా లేని అనువాదకులు. వీరి బల్ల దగ్గరికి వారినీ, వారి బల్ల దగ్గరికి వీరినీ పిలిచినవారు లేరు.

ఇందులో మన నష్టం ప్రత్యేకమైనది. ఖుర్ఆనుకు తొలి తెలుగు అనువాదాన్ని ప్రకటించినది చిలుకూరి నారాయణరావు గారు, ఒక హిందూ పండితుడు. 1917లో ముస్లిము రాజ్యంలో అనువాదానికి ఒక సంస్థ ఏర్పడినది. దాని కృషి అంతా ఉర్దూకే. పల్లెలలో తెలుగే మాట్లాడుతూ, నమాజుకు సరిపడ అరబీ తప్ప వేరే లిపి ఎరుగని మన కుటుంబాలు ఆ మూడు వందల పుస్తకాలకు ఎంత దూరమో, విజ్ఞాన చంద్రిక పుస్తకాలకూ అంతే దూరంగా ఉండిపోయినవి. తెలుగు మనది కాదని మనకు మనమే చెప్పుకోవటం కూడ అందుకు ఒక కారణం.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కొద్దికాలంలోనే బోధన ఇంగ్లీషుకు మారినది. దారుల్ తర్జుమా మూతబడినది. ముప్పై ఏండ్ల పరిభాష ఒక్కసారిగా తరగతి గదిని విడిచిపోయినది. మఆషియాత్, నఫ్సియాత్ మాత్రం ఉర్దూ మాట్లాడే ప్రతిచోటా బ్రతికే ఉన్నవి.

1968లో హైదరాబాదులోనే తెలుగు అకాడమి ఏర్పడినది. సంస్కృత ధాతువులా, వాడుక మాటలా అన్న పాత తగవు ఈసారి తెలుగులో జరిగినది. 1982లో దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇదే నగరంలో మొదలైనది. ఇంటర్మీడియట్ లేనివారు కూడ ప్రవేశ పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరటానికి అది వీలు కల్పించినది. ఉద్యోగం చేసుకునేవారు, పిల్లల తల్లులు తమ తీరికవేళ చదువుకొని తెలుగులో పరీక్షలు వ్రాసినారు. వారి చేతికి పాఠ్యపుస్తకం ఇవ్వటానికి కావలసిన మాటలను అంతకు పద్నాలుగేండ్ల ముందు నుండే ఒక బల్ల దగ్గర కూర్చొని ఎవరో తయారుచేస్తూ ఉన్నారు.